విండోస్ 10 గడువు తీరిన పాత ల్యాప్‌టాప్‌ని లినక్స్ మింట్‌తో వాడుకోవడం ఎలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇవ్వడం ఆపేసింది. మీ ల్యాప్‌టాప్ ఆ మర్నాడూ ఆన్ అయింది, ఇవాళా ఆన్ అవుతుంది. కాకపోతే ఇకమీదట విండోస్ 10లో ఏ లోపం బయటపడినా దాన్ని సరిచేసే అప్‌డేట్ మీకు రాదు. బ్యాంకు పనులు, ఆధార్ కాపీలు, పిల్లల ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నప్పుడు ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. పోనీ విండోస్ 11కి మారదామంటే, ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లను ఒకటి రెండు మినహాయింపులు తప్ప అది ఒప్పుకోదు. ఎనిమిదో తరం వచ్చిందే 2017 ఆగస్టులో. షాపులో అడిగితే "పాత మోడల్ సార్, కొత్తది తీసుకోండి" అంటారు.

కొనకండి, కనీసం వెంటనే కొనకండి. ఎనిమిది, పదేళ్ల నాటి ఐ3, ఐ5 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ప్రాసెసర్‌కి ఏ లోపమూ ఉండదు. వాటిని నత్తనడక నడిపిస్తున్నది లోపల తిరిగే హార్డ్ డిస్క్. దాని చోట తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ పెట్టి, విండోస్ చోట లినక్స్ మింట్ వేసుకుంటే ఇంటి అవసరాలకు ఇంకో మూడు నాలుగేళ్లు హాయిగా వాడుకోవచ్చు. మింట్ అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్, ఉచితం. 2006 నుంచి వస్తోంది. విండోస్ అలవాటైన వాళ్లకు కింద మెనూ, పక్కన గడియారం, ఫోల్డర్లు అన్నీ తెలిసిన చోటే కనిపిస్తాయి.

అయితే ఇది అందరికీ సరిపడే సలహా కాదు. అందుకే ఇన్‌స్టాల్ సంగతికి వెళ్లే ముందు ఇంకో విషయం తేల్చుకోవాలి.

మొదట: మీకు మింట్ సరిపడుతుందా?

మీరు ల్యాప్‌టాప్‌లో చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. నిజంగానే రాయండి, మనసులో అనుకుంటే సగం గుర్తుకు రావు. బ్రౌజర్, యూట్యూబ్, జీమెయిల్, వాట్సాప్ వెబ్, ఉద్యోగాల దరఖాస్తులు, కరెంటు బిల్లు, రైలు టికెట్లు, పీడీఎఫ్‌లు చదవడం, అప్పుడప్పుడు ఒక లెటర్ టైపు చేయడం, జూమ్ మీటింగ్. జాబితా ఇంతే అయితే రెండో ఆలోచన అక్కర్లేదు, మింట్‌కి వచ్చేయండి.

కింది వాటిలో ఏదైనా ఉంటే మాత్రం ఆగండి.

ట్యాలీ వాడేవాళ్లు విండోస్‌లోనే ఉండాలి. అది విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. లినక్స్‌లో తిప్పలు పడి నడిపించే దారులు ఇంటర్నెట్‌లో చూపిస్తారు కానీ, లెక్కల పుస్తకాలతో ప్రయోగాలు చేయకూడదు. టెండర్లకో, జీఎస్టీకో యూఎస్‌బీ టోకెన్‌తో డిజిటల్ సంతకం పెట్టేవాళ్లకీ ఇదే మాట. వేలిముద్రల మిషన్‌తో ఆధార్ పనులు చేసే కేంద్రాలవాళ్లు తమ సాఫ్ట్‌వేర్, మిషన్ లినక్స్‌లో నడుస్తాయో లేదో ముందే కనుక్కోవాలి. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్‌లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ వాళ్లూ విండోస్‌లోనే ఉండాలి. ఫొటోషాప్ లేకపోతే రోజు గడవని వాళ్లకు ఉచితంగా దొరికే గింప్ చూపించి "అదీ ఇదీ ఒకటే" అని చెప్పడం నాకు నచ్చదు. ఒకటి కాదు. కెమెరా ఆన్ చేసి, స్క్రీన్ లాక్ చేసి పెట్టే ఆన్‌లైన్ పరీక్షలు చాలావరకు విండోస్ లేదా మ్యాక్ అడుగుతాయి. ఇంట్లో అలాంటి పరీక్ష రాసే పిల్లలుంటే ముందే కనుక్కోండి.

ఇలాంటి పని ఉన్నవాళ్లకు రెండు దారులున్నాయి. మైక్రోసాఫ్ట్ ఇళ్లలో వాడుకునేవాళ్లకు విండోస్ 10 అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తోంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్‌ను వాళ్ల క్లౌడ్‌లో దాచుకోవడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టక్కర్లేదు, లేదంటే 30 డాలర్లు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే నమోదు చేసుకునే లింకు కనిపిస్తుంది. ఇది గడువు పొడిగింపే తప్ప పరిష్కారం కాదు. రెండోది, ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, మింట్ రెండూ పెట్టుకోవడం. దాని గురించి తర్వాత చెప్తాను.

మూడో దారి ఒకటి కొన్ని షాపుల్లో చేస్తున్నారు. మద్దతు లేని ప్రాసెసర్ మీద తనిఖీలను దాటవేసి విండోస్ 11 ఎక్కించడం. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. కానీ అలాంటి మెషీన్లకు అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్తోంది. అప్‌డేట్లు రావన్న భయంతోనే కదా విండోస్ 10 వదులుతున్నాం! పైగా కొందరు దాంతోపాటు క్రాక్ చేసిన ఆఫీస్ కూడా వేసి ఇస్తారు. ఆ క్రాక్‌లో ఏముందో వేసినవాడికీ తెలియదు.

రెండు: మెషీన్ ఎలాంటిదో చూడండి

విండోస్ ఇంకా ఉండగానే సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆపైన అబౌట్ తెరవండి. ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతో కనిపిస్తాయి. ఐ5-7200యూ అని ఉంటే ఏడో తరం, ఐ5-8250యూ అని ఉంటే ఎనిమిదో తరం. ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిదైతే ముందు మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ నడిపి చూడండి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మెషీన్ సెట్టింగ్స్‌లో) టీపీఎం అనే భద్రతా చిప్ ఆఫ్ అయి ఉండటం వల్లే విండోస్ 11 కుదరదని చెప్తుండవచ్చు. ఆన్ చేస్తే సరిపోతుంది, ఈ వ్యాసంతో మీకు పనే లేదు.

తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లండి. డిస్క్ దగ్గర హెచ్‌డీడీ (అంటే హార్డ్ డిస్క్) అని ఉందా, ఎస్‌ఎస్‌డీ అని ఉందా? హెచ్‌డీడీ అని ఉండి, ఆన్ చేసిన పది నిమిషాల వరకు అది 100 శాతం దగ్గరే ఆడుతుంటే దొంగ దొరికినట్టే. మెమరీ మీద నొక్కితే ర్యామ్ స్లాట్లు ఎన్ని, ఎన్ని వాడుకలో ఉన్నాయో కూడా చెప్తుంది.

ఇంకో తనిఖీ కంప్యూటర్‌ది కాదు, కంటితో చేసేది. ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి పక్క నుంచి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, అడుగుభాగం బల్లకి సరిగా ఆనకపోయినా బ్యాటరీ ఉబ్బుతోందని అర్థం. దాన్ని ఛార్జింగ్ పెట్టడం ఆపేసి ముందు బ్యాటరీ మార్పించండి. ఇందులో బేరం లేదు.

మూడు: ఎస్‌ఎస్‌డీ వేయించండి, పాత డిస్కుని చెరపకండి

మొత్తం ఈ పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులు మామూలుగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి. వరసగా చదివితే సెకనుకి 100 మెగాబైట్ల చుట్టుపక్కల ఇస్తాయి. చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ వెతకాల్సి వస్తే ఆ వేగం ఘోరంగా పడిపోతుంది. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు జరిగేది ఆ వెతుకులాటే. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకి 500 మెగాబైట్లు దాటి చదువుతుంది, పైగా అందులో తిరిగేది ఏమీ లేదు కాబట్టి చిన్న ఫైళ్ల దగ్గర తేడా ఇంకా ఎక్కువ.

పాత ల్యాప్‌టాప్‌కి కావలసింది 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. కొన్నిటిలో ఎమ్.2 స్లాట్ కూడా ఉంటుంది, కానీ అందులో సాటా రకం పడుతుందా, ఎన్‌వీఎమ్ఈ రకం పడుతుందా అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. తెలియకపోతే 2.5 అంగుళాలదే తీసుకోండి, తప్పు పోదు. సైజు 256 జీబీ చాలు, ఫొటోలు ఎక్కువుంటే 512. పేరున్న కంపెనీది తీసుకోండి. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చవగ్గా 2 టీబీ అని అమ్మేవి కొన్ని ఉంటాయి. లోపల ఉన్నది అందులో చిన్న భాగమే, ఆ కొంచెం నిండగానే మీ ఫైళ్లు మాయమవుతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో కొన్నా, మీ ఊళ్లో కొన్నా బిల్లు తీసుకోండి, వారంటీ కంపెనీదో షాపుదో అడగండి.

దాంతోపాటు ఒక యూఎస్‌బీ కేసింగ్ కొనండి. ఖర్చు తక్కువ, ఉపయోగం చాలా ఎక్కువ. బయటికి తీసిన పాత హార్డ్ డిస్కుని అందులో పెడితే అది పెద్ద పెన్‌డ్రైవ్‌లా పనిచేస్తుంది. ఇలా చేస్తే విండోస్‌ని చెరపాల్సిన అవసరమే రాదు. మీ విండోస్, మీ ఫైళ్లు, మీ పాత గందరగోళం అంతా ఆ డిస్కులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మింట్ నచ్చలేదా? పాత డిస్కు మళ్లీ బిగిస్తే నిన్నటి ల్యాప్‌టాప్ నిన్నటిలాగే వస్తుంది. డిస్కుని రెండు ముక్కలు చేసి పక్కపక్కన పెట్టుకోండని చెప్పే వీడియోలు బోలెడు. మొదటిసారి చేసేవాళ్లకు నేనా సలహా ఇవ్వను. ఒక్క తప్పు నొక్కుతో పోయే డేటా కంటే ఎస్‌ఎస్‌డీ చవక.

ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేయించండి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా బ్రౌజర్ మాత్రం అదే. ఇరవై ట్యాబ్‌లు తెరిస్తే 4 జీబీ ఎక్కడా సరిపోదు, మింట్ వేస్తే చాలు అంతా పరుగెడుతుందని చెప్పేవాళ్లు ఈ మాట దాచేస్తారు. డీడీఆర్3ఎల్, డీడీఆర్4 ఒకదాని చోట ఒకటి పట్టవు కాబట్టి ల్యాప్‌టాప్‌ని షాపుకి పట్టుకెళ్లి చూపించి కొనడం మేలు. సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, వాటికి ఏమీ చేయలేం.

నాలుగు: పాత విండోస్‌లోంచి బయటపడే ముందు

డిస్కు అలాగే ఉంటుంది కాబట్టి ఫైళ్ల గురించి టెన్షన్ లేదు. అయినా కొన్ని పనులు విండోస్ తెరిచి ఉండగానే చేయాలి. క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు మీ గూగుల్ అకౌంట్‌కి సింక్ అవుతున్నాయో లేదో చూసుకోండి. డిస్కుకి బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ (విండోస్ వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి, లేకపోతే కేసింగ్‌లో పెట్టాక డిస్కు తెరుచుకోదు.

అను ఫాంట్లతో టైపు చేసుకున్న పాత ఫైళ్లుంటే ఇప్పుడే సంగతి చూడాలి. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు అతికించినవి. ఫాంట్ లేని చోట ఆ ఫైలు తెరిస్తే అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి, మింట్‌లోనే కాదు, ఫాంట్ లేని ఇంకో విండోస్‌లోనూ అంతే. అను నుంచి యూనికోడ్‌కి (ఏ మెషీన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతికి) మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మార్చిన తర్వాత ఒత్తులు, సున్నాలు ఒకసారి సరిచూసుకోండి, అక్కడే తప్పులు దొర్లుతాయి. ఊరి చరిత్ర, తాతగారి కవిత్వం, సంఘం తీర్మానాలు లాంటివైతే వాటిని యూనికోడ్‌లోకి తేవడం మింట్ వేసుకున్నా వేసుకోకపోయినా చేయాల్సిన పని.

ఐదు: పెన్‌డ్రైవ్ తయారు చేయడం

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. దాంట్లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. మింట్ అధికారిక వెబ్‌సైట్‌లోంచే ఐఎస్‌ఓ ఫైలు (మింట్ మొత్తం ఉండే ఒకే ఫైలు) దించుకోండి, సుమారు 3 జీబీ ఉంటుంది. అక్కడ మూడు రకాలు కనిపిస్తాయి: సిన్నమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ. ర్యామ్ 8 జీబీ ఉంటే సిన్నమన్, 4 జీబీతోనే ఉండిపోతే ఎక్స్‌ఎఫ్‌సీఈ. మాటే గురించి ఆలోచించకండి. ఇంకా ఉబుంటు, ఫెడోరా, డెబియన్ అంటూ ఏది గొప్పదో వాదించుకునేవాళ్లు ఎక్కడికి వెళ్లినా కనిపిస్తారు. ఆ వాదనల్లో దిగితే ల్యాప్‌టాప్ ఈ ఏడాది బాగుపడదు. మింట్ 22 సిరీస్‌కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, మనకు కావలసింది అదే.

విండోస్‌లో రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిచి, పెన్‌డ్రైవ్‌నీ ఐఎస్‌ఓ ఫైల్‌నీ చూపించి స్టార్ట్ నొక్కండి. అడిగే ప్రశ్నలకు అది సూచించినదే ఉంచండి. ఐఎస్‌ఓని మామూలుగా కాపీ చేసి పేస్ట్ చేస్తే పెన్‌డ్రైవ్ నుంచి మెషీన్ ఆన్ అవదు.

ఆరు: ఇన్‌స్టాల్ చేయకుండానే చూడండి

ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట టకటకా నొక్కండి. డెల్‌లో ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9. లెనోవోలో ఎఫ్12, లేదా పక్కన సూది దూరేంత చిన్న రంధ్రంలో ఉండే నోవో బటన్. ఏసర్‌లో ఎఫ్12నే, కానీ ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఆ మెనూని ఎనేబుల్ చేయాల్సి రావచ్చు. ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. జాబితాలో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే మింట్ తెరుచుకుంటుంది. సెక్యూర్ బూట్ గురించి ఎర్రటి హెచ్చరిక వస్తే బయోస్‌లో దాన్ని ఆఫ్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

ఇప్పుడు మీరు చూస్తున్నది పెన్‌డ్రైవ్ మీద నడుస్తున్న మింట్. డిస్కు మీద ఏమీ రాయలేదు. ఇక్కడ తీరిగ్గా అరగంట గడపండి. వైఫై వస్తోందా? యూట్యూబ్‌లో పాట పెడితే స్పీకర్ మోగుతోందా? కెమెరా, మైకు, బ్లూటూత్, కీబోర్డు మీద వెలుతురు పెంచే మీటలు పనిచేస్తున్నాయా? మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా? ఇందులో ఏదైనా పనిచేయకపోతే ఇన్‌స్టాల్ చేశాక దానంతట అది బాగుపడుతుందని ఆశపడకండి. వైఫై ఒక్కటి మాత్రం మినహాయింపు. కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ చిప్‌లకు డ్రైవర్ విడిగా వేయాలి. అందాకా ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వెంటనే వస్తుంది. ఈ కిటుకు తెలియక చాలామంది ఇక్కడే వెనక్కి తిరిగిపోతారు.

పెన్‌డ్రైవ్ మీద నడిచేటప్పుడు కాస్త నిదానంగానే ఉంటుంది. వేగం గురించి తీర్పు ఇప్పుడే ఇవ్వకండి.

ఏడు: ఇన్‌స్టాల్

పాత డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ బిగించాక, మళ్లీ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి, డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ లినక్స్ మింట్ అన్న బొమ్మ మీద రెండుసార్లు నొక్కండి. భాష ఇంగ్లిష్ ఉంచండి. తెలుగు కూడా జాబితాలో ఉంటుంది, కానీ అనువాదం సగంలో ఉండి, మెనూలు సగం అలా సగం ఇలా వస్తాయి. ఏదైనా సమస్య వస్తే ఇంటర్నెట్‌లో వెతకడానికి కూడా ఇంగ్లిష్ మెనూలే నయం. తెలుగు రాయడానికీ దీనికీ సంబంధం లేదు.

మల్టీమీడియా కోడెక్‌ల దగ్గర టిక్ పెట్టండి, లేకపోతే కొన్ని వీడియోలు ఆడవు. తర్వాత డిస్కు చెరిపి ఇన్‌స్టాల్ చేయాలా అని అడుగుతుంది. లోపల ఉన్నది ఖాళీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే కాబట్టి ధైర్యంగా అవుననండి. పాత డిస్కు ఆ సమయంలో కేసింగ్‌లో కూడా తగిలించి ఉండకూడదు, బీరువాలో ఉండాలి. ఎస్‌ఎస్‌డీ అసలు కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజ్ సెట్టింగ్ రెయిడ్ లేదా ఆర్‌ఎస్‌టీ అని ఉందేమో చూసి ఏహెచ్‌సీఐకి మార్చండి. పాత డిస్కు తిరిగి బిగించే రోజు వస్తే ఆ సెట్టింగ్ మళ్లీ వెనక్కి మార్చాలని గుర్తుపెట్టుకోండి, లేకపోతే విండోస్ లేవదు. టైమ్ జోన్ కోల్‌కతా. పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి వదిలేయండి. ఎస్‌ఎస్‌డీ మీద టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

రెండు సిస్టమ్‌లూ ఒకే డిస్కులో కావాలని పట్టుబట్టేవాళ్లు మూడు జాగ్రత్తలు తీసుకోండి: బయట ఇంకో డిస్కులో పూర్తి కాపీ, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయడం, ఇన్‌స్టాలర్‌లో విండోస్ పక్కన వేయమనే ఎంపికనే నొక్కడం. ఆ తర్వాత విండోస్ తెరిస్తే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి వెళ్లి కనిపించవచ్చు. బ్యాటరీ పోయిందని షాపుకి పరుగెత్తకండి. లినక్స్ మెషీన్ గడియారంలో గ్రీనిచ్ సమయాన్ని ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది, అంతే.

ఎనిమిది: మొదటి రోజు పనులు

అప్‌డేట్ మేనేజర్ తెరిచి వచ్చినవన్నీ వేయండి. డ్రైవర్ మేనేజర్ తెరిచి ఏదైనా సూచిస్తే వేయండి. టైమ్‌షిఫ్ట్ తెరిచి రోజుకో వారానికో స్నాప్‌షాట్ తీసేలా పెట్టండి. ఎప్పుడైనా అప్‌డేట్ వికటిస్తే వెనక్కి వెళ్లడానికి అదే దారి. ఇది సిస్టమ్ ఫైళ్లకే, మీ ఫొటోలకు కాదు. వాటి బ్యాకప్ వేరే చూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ అంతా సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే దించుకోండి. యూట్యూబ్‌లో ఎవరో చూపించిన కమాండ్‌ని అర్థం తెలియకుండా టెర్మినల్‌లో అతికించడం మానండి. లినక్స్ అంటే నల్ల స్క్రీన్ మీద టైపు చేయడమే అన్నది పాత మాట. ఈ వ్యాసంలో చెప్పిన ఏ పనికీ టెర్మినల్ తెరవక్కర్లేదు.

ఆఫీస్ పనికి లిబ్రేఆఫీస్ ముందే ఉంటుంది. వర్డ్ ఫైళ్లు తెరుచుకుంటాయి, అయితే గౌతమి, నిర్మల యూఐ లాంటి మైక్రోసాఫ్ట్ ఫాంట్లు ఇక్కడ ఉండవు కాబట్టి పేజీలు అటూ ఇటూ జరుగుతాయి. ఇతరులకు పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటివి బ్రౌజర్‌లో ఆడతాయి కానీ ఎక్కువ క్వాలిటీ ఇవ్వవు. పాత 14 అంగుళాల తెర మీద ఆ తేడా కనిపెట్టడం కష్టమే.

తొమ్మిది: తెలుగు

ఇన్‌స్క్రిప్ట్ (ప్రామాణిక తెలుగు కీబోర్డు లేఅవుట్) వచ్చినవాళ్లకు పని చాలా తేలిక. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్‌కి వెళ్లి తెలుగు చేర్చుకుంటే చాలు. అక్కడే సరళ అనే లేఅవుట్ కూడా ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించుకునే అలవాటున్నవాళ్లకూ, డీటీపీ వాళ్ల యాపిల్ కీబోర్డు అలవాటున్నవాళ్లకూ ఇంకో మెట్టు ఉంది. ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగ్‌లో ఐబస్ ఎంచుకుని, ఎమ్17ఎన్ అనే భాగాన్ని ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి లాగౌట్ అయి రండి. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఆర్‌టీఎస్, యాపిల్, పోతన, ఇన్‌స్క్రిప్ట్ అన్నీ కనిపిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్‌లో చిన్న టి కొడితే త, క్యాపిటల్ టి కొడితే ట. ఫోన్‌లో గూగుల్ కీబోర్డు ఊహించి ఇచ్చినట్టు ఇక్కడ ఊహించి ఇచ్చేది ఏమీ ఉండదు, సరిగ్గా కొడితేనే సరిగ్గా వస్తుంది.

నన్నడిగితే కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవాలి. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. మొదటి వారం చిరాకు పుడుతుంది, ఆ తర్వాత చేతులకే తెలిసిపోతుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ అదే లేఅవుట్ ఉంటుంది కాబట్టి మెషీన్ మారినప్పుడల్లా కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు. ఏదో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిన టైపింగ్ నేర్చుకుంటే, ఆ కంపెనీ దాన్ని ఆపేసిన రోజు మన వేళ్లకు పని పోతుంది.

ఫాంట్లకు గూగుల్ ఫాంట్స్‌కి వెళ్లండి. మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర, గిడుగు, సూరన్న, ధూర్జటి, ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ ఉచితం. దించుకున్న జిప్ ఫైల్ విప్పి, ఫాంట్ ఫైల్ మీద రెండుసార్లు నొక్కి, తెరుచుకున్న చోట ఇన్‌స్టాల్ నొక్కండి. చదవడానికి మండలి బాగుంటుంది. లిబ్రేఆఫీస్‌లో ఫాంట్ మార్చినా తెలుగు మారడం లేదంటే కంగారుపడకండి. అది తెలుగు లాంటి లిపులకు ఫాంట్‌ని విడిగా గుర్తుపెట్టుకుంటుంది. ఆప్షన్స్‌లో భాషల పేజీకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ దగ్గర టిక్ పెడితే, స్టైల్స్‌లో దానికి వేరే ఫాంట్ ఎంచుకునే చోటు వస్తుంది.

పది: ప్రింటర్

హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు కేబుల్ పెట్టగానే దొరుకుతాయి. వైఫై ఉన్న కొత్త ప్రింటర్లు ఏ కంపెనీవైనా దాదాపు ఇబ్బంది పెట్టవు. ఇబ్బందంతా మన ఊళ్లలో ప్రతి జిరాక్స్ షాపులోనూ, సగం ఇళ్లలోనూ కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900తోనే. గట్టి మెషీన్, చవకైన టోనర్, ఏళ్ల తరబడి నలగదు. కానీ దాని పాత డ్రైవర్ పద్ధతి వల్ల లినక్స్‌లో దాన్ని పని చేయించడం తలనొప్పి. కొందరు సాధిస్తారు, తర్వాతి అప్‌డేట్‌తో మళ్లీ మొదటికొస్తుంది. మీ దగ్గర అదే ఉంటే రోజూ ప్రింట్లు తీసేవాళ్లయితే మింట్ మాట మర్చిపోండి. నెలకో కాగితం తీసేవాళ్లయితే పీడీఎఫ్ ఫోన్‌కి పంపుకుని జిరాక్స్ షాపులో తీసుకోండి.

పదకొండు: అమ్మానాన్నలకు ఇచ్చేటట్టయితే

ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు ఈ ల్యాప్‌టాప్ ఇవ్వడం మంచి ఆలోచనే. అక్షరాల సైజు పెంచండి, బ్రౌజర్, వాట్సాప్ వెబ్, ఫొటోల ఫోల్డర్ మూడు బొమ్మలు డెస్క్‌టాప్ మీద పెట్టండి, మిగతావి తీసేయండి. అప్‌డేట్ మేనేజర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్ చేయండి.

"లినక్స్‌కి వైరస్ రాదు" అని మాత్రం వాళ్లకు చెప్పకండి. విండోస్ కోసం రాసిన వైరస్‌లు ఇక్కడ పనిచేయవు, అది నిజమే. కానీ ఇప్పుడు ఇళ్లలో డబ్బు పోతున్నది వైరస్‌ల వల్ల కంటే కేవైసీ పేరుతో, కొరియర్ పేరుతో, పోలీసుల పేరుతో వచ్చే ఫోన్ల వల్లే ఎక్కువ. ఓటీపీ చెప్పేస్తే ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కాపాడదు. దూరం నుంచి స్క్రీన్ చూసి సాయం చేయడానికి ఎనీడెస్క్ లాంటివి వేస్తుంటాం. మోసగాళ్లు వాడేదీ అవే, 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంక్ ఎనీడెస్క్ పేరెత్తి హెచ్చరించింది. కాబట్టి దాన్ని ఎప్పుడూ తెరిచి ఉంచకండి. మీరు స్వయంగా ఫోన్ చేసినప్పుడే తెరవమనండి, పనయ్యాక మూయించండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని ఆ నంబరు కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ మూత లోపల అతికించండి.

చివరిగా, ఆ పాత డిస్కు

రెండు మూడు నెలలు ముట్టుకోకుండా ఉంచండి. ఫలానా ఫైలు ఎక్కడుందో అని ఈలోగా కచ్చితంగా ఒకటి రెండుసార్లు అవసరపడుతుంది. కేసింగ్‌లో పెట్టి మింట్‌కి తగిలిస్తే విండోస్ ఫోల్డర్లన్నీ మామూలుగానే తెరుచుకుంటాయి. కావలసినవన్నీ ఎస్‌ఎస్‌డీలోకి తెచ్చుకుని, మళ్లీ విండోస్‌కి వెళ్లే ఉద్దేశం లేదని తేలాక, డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి ముందు దాని ఆరోగ్యం చూడండి. స్మార్ట్ డేటా అనే చోట చెడిపోయిన సెక్టార్లు కనిపిస్తే దాన్ని దేనికీ నమ్మకండి. బాగుంటే ఫార్మాట్ చేసి ఫొటోల బ్యాకప్‌కి వాడుకోండి. అమ్మేసేటట్టయితే మామూలు ఫార్మాట్ సరిపోదు, అదే ప్రోగ్రామ్‌లో పాత డేటా మీద సున్నాలు రాసే ఎంపిక ఉంటుంది, అది ఎంచుకుని రాత్రంతా వదిలేయండి.